పాత పికప్ బండి: తిరిగిన దూరం కన్నా మోసిన బరువే ముఖ్యం

తోతాపురి మామిడికాయ కోతకు వచ్చే రోజులు దగ్గరపడగానే బంగారుపాళ్యం, దామలచెరువు, పూతలపట్టు ప్రాంతాల్లో పాత పికప్ బండ్ల కోసం వెతుకులాట మొదలవుతుంది. కొత్త బండికి కంతులు కట్టే స్తోమత లేని రైతు, సొంతంగా బాడుగలు తోలుకుందామనుకునే డ్రైవరు, పాలో పూలో కోళ్ళో రవాణా చేసే చిన్న వ్యాపారి, అందరి చూపూ ఎనిమిది పదేళ్ళు తిరిగిన బండి మీదే పడుతుంది. బండి చూడటానికి వెళ్ళినవారు ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు: ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఇంజను ఎలా ఉంది. ఈ రెండూ అడగవలసినవే గాని, బరువులు మోసే బండి దగ్గర మొదట అడగవలసినవి ఇవి కావు. కారు తిరిగిన దూరాన్ని బట్టి అరుగుతుంది. పికప్ మోసిన బరువును బట్టి అలిసిపోతుంది. అరిగిన ఇంజనుకు బోరింగు (సిలిండర్లను తొలిచి సరిచేసే పని) చేయించుకోవచ్చు, పోయిన డీజిలు నాజిళ్ళు మార్పించుకోవచ్చు, కానీ ఏళ్ళ తరబడి రెట్టింపు బరువు మోసి అలిసిపోయిన ఛాసీకి, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రానికి, మునుపటి బలం ఎవరూ తెచ్చిపెట్టలేరు. అందుకే పాత బండిని నమ్మవచ్చో లేదో తేల్చుకోవడమంటే అది ఇన్నాళ్ళూ ఏం మోసిందో దాని ఒంటి మీది జాడలను బట్టి చదవడమని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు ఊరికే రాలేదు. చిత్తూరు దగ్గర మాకు మామిడితోట ఉంది. మా ఇంట్లో కొన్న మొదటి పాత పికప్‌కు రీడింగు 62 వేలు చూపించింది, పెయింటు మెరిసిపోతోంది, తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. రెండో నెలలో కాయ లోడుతో మొగిలి ఘాట్ ఎక్కుతుండగా వెనకనుంచి కట్టె విరిగినట్టు చప్పుడు వచ్చింది. దిగి చూస్తే క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందు పైభాగంలో చెయ్యి పట్టేంత తెరుచుకుని ఉంది. ఆ లోడును రోడ్డు పక్కనే ఇంకో బండికి మార్చి పంపడానికి రాత్రి అయింది. తర్వాతి బండి కొనేటప్పుడు వెంట వచ్చిన మెకానిక్కు నేను బానెట్ ఎత్తబోతుంటే ఆపి, "ఇంజను సంగతి తర్వాత సూద్దాంనా, ముందు కిందికి దూరు" అన్నాడు. ఆ క్రమమే సరైనదని అప్పటినుంచి నేను చూసిన ప్రతి బండీ రుజువు చేసింది.

పికప్ అని మనం పిలిచే బండ్లు మన ప్రాంతంలో ఎక్కువగా బొలెరో పికప్, టాటా 207 డీఐ, దాని తర్వాత వచ్చిన యోధ, అశోక్ లేలాండ్ దోస్త్. శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు కర్మాగారం నుంచి వచ్చిన డి-మాక్స్ బండ్లు కూడా అక్కడక్కడా కనిపిస్తాయి. మోడల్‌ను బట్టి వీటిలో ఎక్కువ వాటికి కంపెనీ అనుమతించే లోడు ఒక టన్ను పైనుంచి 1.7 టన్నుల దాకా ఉంటుంది. ఈ అంకె ఎంత చిన్నదో తొట్టిని చూస్తే అర్థం కాదు, లెక్క వేస్తేనే అర్థమవుతుంది. 8 అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు ఉన్న తొట్టిలో ఒక్క అడుగు ఎత్తున ఇసుక పోస్తే 44 ఘనపుటడుగులు అవుతుంది, అంటే ఇంచుమించు 1.25 ఘనపు మీటర్లు. పొడి ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1,600 కిలోలు తూగుతుంది. అంటే తొట్టి అంచుల దాకా నిండకముందే బండి మీద రెండు టన్నులు ఉంటాయి. ఇసుక తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. మామిడికాయలైతే తొట్టి అంచుల వరకు నింపినప్పుడు లోడు హద్దుకు దగ్గరగా వస్తుంది. పైన గ్రిల్ ఎత్తు పెంచి గోపురంలా పోసినప్పుడు హద్దు దాటుతుంది. పూలబుట్టలైతే తొట్టి నిండి పొర్లినా బండికి బరువే తెలియదు.

కనుక ఒకే ఏడాది, ఒకే మోడల్, ఒకే రీడింగు ఉన్న రెండు బండ్లలో ఒకటి ఇంకా పదేళ్ళు పనిచేయవచ్చు, రెండోది పది నెలలు కూడా నిలవకపోవచ్చు. తిరుపతి నుంచి చెన్నైకి పార్సిళ్ళు తోలిన బండి మూడు లక్షల కిలోమీటర్లు తిరిగి ఉన్నా, హైవే మీద ఒకే వేగంతో, తేలికైన లోడుతో, ఇంజను ఎప్పుడూ తగినంత వేడిలో ఉండి నడిచింది గనుక నేను దాన్ని ముందుగా చూస్తాను. ఊళ్ళో కట్టుబడి పనులకు ఇసుక, కంకర, సిమెంటు తోలిన బండి ఎనభై వేలే తిరిగి ఉన్నా రెండోసారి ఆలోచిస్తాను. పాలబండి సంగతి వేరు: లోడు మితంగానే ఉంటుంది, రోజూ తప్పకుండా నడుస్తుంది, అయితే ఊరూరా ఆగి ఆగి వెళ్తుంది గనుక క్లచ్చు, బ్రేకులు, సెల్ఫు మోటారు త్వరగా అరుగుతాయి, రోజూ కడిగిన నీళ్ళు తొట్టి నేల సందుల్లోంచి కారి కింది రేకును తినేస్తాయి. కోళ్ళబండికి రెట్టలోని ఘాటు వల్ల తొట్టి, అడ్డదూలాలు తుప్పు పడతాయి. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినవి నెల్లూరు వైపు నుంచి వచ్చే చేపల, రొయ్యల బండ్లు. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు సంవత్సరాల తరబడి ఛాసీ మీద కారి ఉంటాయి. పైన పెయింటు ఎంత నిగనిగలాడినా లోపలి నుంచి ఇనుము పొరలుగా ఊడుతుంటుంది.

ఏం మోసిందని అమ్మేవారిని అడగాలి, జవాబు వినాలి, ఆ తర్వాత తొట్టినే అడగాలి. మూలల్లో, వెనక తలుపు కీళ్ళ సందుల్లో వేలు పెట్టి చూస్తే ఇసుక రేణువులో, గట్టిపడిన సిమెంటో, ఎండిన పాలజిడ్డో, మామిడి జీడి మరకలో కనిపిస్తాయి. నేల రేకు అడ్డదూలాల మధ్య పళ్ళెంలా లోపలికి వంగి ఉంటే బండలో ఇనుపకమ్ములో మోసిందని అర్థం. తొట్టి రేకు పూర్తిగా కొత్తదైతే, పాతది ఎందుకు మార్చవలసి వచ్చిందో అడగడం మన హక్కు.

ఇక కిందికి దూరాలి. బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, పగటి వెలుగు ఉన్నా చేతిలో టార్చిలైటు, ఒక చిన్న సుత్తి, గుడ్డముక్క పట్టుకుని వెళ్ళాలి. చూడవలసిన చోట్లు కొన్నే. క్యాబిన్ ముగిసి తొట్టి మొదలయ్యే చోట ఛాసీ పొడవు దూలాలు రెండూ. వెనక కమాన్ కట్టల (బరువును మోసే ఇనుప పట్టీల స్ప్రింగుల) ముందు చివర, వెనక చివర తగులుకునే బ్రాకెట్ల చుట్టూ. అడ్డదూలాలు పొడవు దూలాలను కలిసే రివెట్ల దగ్గర. బరువు అంతా ఈ చోట్లనుంచే దిగుతుంది గనుక పగులు కూడా ఇక్కడే పుడుతుంది. పగులు మొదట వెంట్రుకంత గీతగా ఉంటుంది. దాని వెంబడి తుప్పు ఎర్రగా చెమర్చినట్టు కారి ఉంటుంది. గుడ్డతో తుడిచాక కూడా ఆ ఎర్రగీత కనిపిస్తే అది మరక కాదు.

ఒకసారి చిత్తూరు శివారులో చూసిన బండి కింద పడుకున్నప్పుడు ఛాసీ అంతా మట్టి, జిడ్డు పట్టి ఉండగా, ఎడమవైపు కమాన్ బ్రాకెట్ పైన మాత్రం మూరెడు మేర కొత్త నల్లరంగు మెరుస్తోంది. సుత్తితో మెల్లగా తడితే మిగతా దూలమంతా గంటలా మోగింది, ఆ మూరెడు మాత్రం మొద్దుగా పలికింది. గోటితో రంగు గీకితే కింద వెల్డింగు గుల్లలు తగిలాయి. రేకు ప్యాచీ వేసి నాలుగువైపులా వెల్డింగు పట్టించారు. వెల్డింగు చెయ్యడమే తప్పని నేను అనను. సరిగా చేసిన మరమ్మతు కొన్నేళ్ళు నిలుస్తుంది. కానీ వెల్డింగు వేడికి పక్కనున్న ఇనుము గుణం మారుతుంది, తర్వాతి పగులు సాధారణంగా ఆ అతుకు అంచునే మొదలవుతుంది. పైగా దాన్ని చెప్పకుండా రంగు వేసి దాచిన మనిషి ఇంకేం దాచాడో మనకు తెలియదు. కంపెనీ వేసిన రివెట్ల స్థానంలో బోల్టులు కనిపించినా, ఛాసీ అంతటికీ తాజాగా తారులాంటి పూత పూసి ఉన్నా అనుమానించవలసిందే. బయటికి వచ్చాక క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య ఉన్న సందును పక్కనుంచి చూడాలి. పైనా కిందా ఒకే వెడల్పు ఉండాలి. తేడా ఉంటే ఛాసీ వంగింది, ఇక ఇంజను చూడవలసిన అవసరం లేదు.

కమాన్ కట్టలు అబద్ధం చెప్పలేవు. పట్టీలు ఎన్ని ఉండాలో అదే మోడల్ బండి ఇంకొకటి చూసి లెక్కపెట్టుకుని వెళ్తే, అదనపు పట్టీ వేయించారో లేదో వెంటనే తెలిసిపోతుంది. అదనపు పట్టీ అంటే లోడు ఎక్కువ వేస్తున్నామని యజమానే ఒప్పుకున్నట్టు. పట్టీ చేరిస్తే బండి వాలదు, కానీ ఆ బరువు మాయమైపోదు. ఛాసీకి, వెనక హౌసింగుకు (వెనక చక్రాల ఇరుసు తొడుగుకు), బేరింగులకు, టైర్లకు, బ్రేకులకు చేరుతుంది. బ్రేకులు బండికి ఎంత బరువు ఉంటుందని తయారీలో అనుకున్నారో అంతకే చాలుతాయి. కమాన్ బలపరిచినంత మాత్రాన ఘాట్ దిగేటప్పుడు ఆపే శక్తి పెరగదు. ఒకవైపు పట్టీలు పాతవై రెండోవైపు కొత్తవైతే ఆ వైపు విరిగిందన్నమాట. రెండువైపులా చక్రం నడిమధ్య నుంచి తొట్టి అంచు దాకా టేపుతో కొలిస్తే ఏ వైపు వాలిందో అంగుళాల్లో చెప్పవచ్చు. కమాన్ పైన ఉండే రబ్బరు దిమ్మె నలిగి చదునుగా ఉంటే, హౌసింగు ఎన్నోసార్లు ఛాసీకి గుద్దుకుందని లెక్క. వెనక టైర్ల లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే హౌసింగే వంగి ఉండవచ్చు.

ఛాసీ, కట్టలు సరిగా ఉన్నాయని తేలాకే ఇంజను. దీనికి ఒక షరతు ఉంది: మనం వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉండాలి. ఉదయాన్నే వస్తామని, ముందుగా స్టార్టు చేసి ఉంచవద్దని చెప్పి, చేరగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా ఉంటే కారణం అడిగి, చల్లారేదాకా ఆగాలి లేదా మరునాడు రావాలి. అరిగిన డీజిలు ఇంజను లోపాలన్నీ వేడెక్కాక సగం దాగిపోతాయి. చల్లని ఇంజను ఎక్కువసేపు సెల్ఫు తిప్పితే గాని అందుకోకపోతే బ్యాటరీ, సెల్ఫు, నాజిళ్ళు, లోపలి ఒత్తిడి, వీటిలో ఏదో బలహీనంగా ఉంది. మొదటి నిమిషంలో పొగ రంగు చూడాలి. కొద్దిగా తెల్లపొగ వచ్చి పోతే చలిపొద్దున మామూలే. వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ రేడియేటరులో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజను పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే పొర) పోయి ఉండవచ్చు. నీలిపొగ అంటే ఇంజనాయిలు కాలుతోంది. యాక్సిలేటరు తొక్కినప్పుడు నల్లపొగ దట్టంగా వస్తే డీజిలు ఎక్కువో గాలి తక్కువో అవుతోంది. ఫిల్టరు మూసుకుపోయినంత చిన్న కారణం నుంచి టర్బో, పంపు దాకా ఏదైనా కావచ్చు.

ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూతను విప్పి, ఆ కన్నం మీద ఊరికే బోర్లించి చూడటం మన మెకానిక్కులందరికీ తెలిసిన పరీక్ష. పాత డీజిలు ఇంజనులో కొద్దిగా ఊపిరి రావడం సహజం. మూత ఎగిరిపడుతూ, కన్నంలోంచి ఆగకుండా పొగ కక్కుతుంటే పిస్టన్ రింగులు, సిలిండరు బోరు అరిగి మండే గాలి కిందికి జారుతోందని అర్థం. అలాంటి బండి కొనకూడదని కాదు. ఛాసీ గట్టిగా ఉండి ధర అందుకు తగినట్టు తగ్గితే, ఫుల్ ఇంజను పనికి ఎంతవుతుందో నమ్మకమైన మేస్త్రి దగ్గర కాగితం మీద రాయించుకుని, ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించి కొనవచ్చు. ఇంజను మంచిదై ఛాసీ పోయిన బండికన్నా ఇది చాలా మేలైన కొనుగోలు.

రేడియేటరు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో పికప్‌లు దారిలో నిలిచిపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇదే ముందుంది. చాలామంది కూలెంటు వాడరు; బోరునీళ్ళు పోస్తారు. మన బోరునీళ్ళలో ఉప్పుశాతం ఎక్కువ. ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పెచ్చు లాంటిదే రేడియేటరు సన్నగొట్టాల్లో, ఇంజను లోపలి నీటిదారుల్లో పేరుకుంటుంది. గొట్టం దారి ఇరుకై, వేడి బయటికి పోవడం తగ్గి, చదును రోడ్డు మీద ఏమీ తెలియకుండా నడిచిన బండి ఎత్తు ఎక్కేటప్పుడు మరుగుతుంది. ఒకసారి బాగా మరిగిన ఇంజనుకు హెడ్డు వంగడం, గాస్కెట్ కాలడం వెంటనే జరగకపోయినా, తర్వాతి నెలల్లో బయటపడవచ్చు. అందుకని ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తీసి లోపల వేలు పెట్టి చూడాలి. వేడిమీద తీస్తే ముఖం కాలుతుంది. నీరు ఆకుపచ్చగానో ఎర్రగానో తేటగా ఉంటే కూలెంటు వాడారని సంతోషించవచ్చు. తుప్పునీరు, తెల్లటి పెచ్చు, నూనెతెట్టు, మూడూ మూడు రకాల చెడు కబుర్లు. నూనెతెట్టు అన్నిటిలో చెడ్డది. ఆయిలు కడ్డీకి మీగడలాంటి పదార్థం అంటితే నీరు ఆయిలులో కలుస్తోందని తెలుస్తుంది.

ఈ పరీక్ష ఘాట్ మీదే పూర్తవుతుంది. చిత్తూరు సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంటే పలమనేరు 700 మీటర్ల దగ్గర ఉంటుంది. ఆ తేడాలో ఎక్కువ భాగం మొగిలి ఘాట్‌లోనే ఎక్కాలి. తిరుపతివారికి మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్ ఉంది. అమ్మేవారిని ఒప్పించి, వీలైతే అర టన్ను బరువు వేసుకుని, మధ్యాహ్నపు ఎండలో ఎత్తు ఎక్కించి, పైకి చేరాక ఇంజను ఆపకుండా పది నిమిషాలు నిలపాలి. వేడి ముల్లు నిలకడగా ఉందా, పక్కడబ్బాలోని నీరు బుడగలు కక్కుతోందా, ఫ్యాను సరిగా తిరుగుతోందా, గొట్టాలు రాయిలా బిగుసుకున్నాయా అన్నవి అప్పుడు తెలుస్తాయి. ఎక్కేటప్పుడు ఇంజను శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చు జారుతోంది. దిగేటప్పుడు రెండో గేరు వేసి యాక్సిలేటరు వదిలితే గేరు దానంతటదే ఊడిపోకూడదు. బ్రేకు తొక్కితే ఒకవైపుకు లాగకూడదు, పెడలు ప్రతిసారీ ఒకే ఎత్తున గట్టిగా ఉండాలి. ఊళ్ళో రెండు సందులు తిప్పి "బండి బాగుంది" అనుకోవడం వల్ల వీటిలో ఒక్కటీ తెలియదు.

బండి ఏ కాలపుదో తెలిస్తే దానికి ఏ రోగాలు వస్తాయో కూడా తెలుస్తుంది. పొగ కాలుష్య ప్రమాణాల్లో 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్ 4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అమలయ్యాయి. బీఎస్ 4కు ముందు మన ప్రాంతంలో అమ్మిన 207 డీఐ లాంటి 2,956 సీసీ ఇంజనులకు డీజిలు పంపు యాంత్రికమైనది. శబ్దం ఎక్కువ, పొగ ఎక్కువ, కానీ పల్లెలో మేస్త్రి స్పానర్లతోనే విప్పి సరిచేయగలడు. తర్వాతి సీఆర్‌డీఐ బండ్లలో కంప్యూటరు, సెన్సార్లు, వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాయి. ఇవి మైలేజీ, లాగుడు మెరుగ్గా ఇస్తాయి, అయితే డీజిలులో నీళ్ళు కలిసినా, ఫిల్టరు సకాలంలో మార్చకపోయినా ఇంజెక్టర్లు పాడవుతాయి. అవి నాలుగూ మార్చవలసి వస్తే పాత బండి ధరలో గణనీయమైన భాగం అవుతుంది. కాబట్టి సీఆర్‌డీఐ బండికి స్కానర్ పెట్టించి చూడకుండా బేరం కుదుర్చుకోకూడదు. డాష్‌బోర్డులో ఇంజను గుర్తు దీపం తాళం తిప్పగానే వెలిగి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో దాన్ని పీకేశారని అర్థం. బీఎస్ 6 బండ్లలో పొగను వడగట్టే ఫిల్టరు కూడా చేరింది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో అది మూసుకుపోతుంది.

మిగిలినవి త్వరగానే తేలుతాయి. జాయింటు క్రాసు (వెనక చక్రాలకు శక్తి చేర్చే కడ్డీ కీలు) చేత్తో పట్టి తిప్పితే ఆడకూడదు. నలభై, యాభై వేగంలో వెనకనుంచి ఏడుపులాంటి శబ్దం వస్తే హౌసింగులోని క్రౌను పళ్ళు అరిగాయి. స్టీరింగు అటూ ఇటూ తిప్పినప్పుడు చక్రం కదలకముందు ఉండే ఖాళీ రెండు వేళ్ళకు మించితే బాల్ జాయింట్లు, స్టీరింగు బాక్సు చూపించాలి.

రీడింగును నేను చివరగా చూస్తాను. మీటరు వెనక్కి తిప్పడం, మొత్తం మీటరే మార్చడం కష్టమైన పనులు కావు. క్లచ్చు పెడలు రబ్బరు అరిగి ఇనుము తేలి, స్టీరింగు చక్రం మీది గరుకు నునుపై, డ్రైవరు సీటు ఒకవైపు కుంగిన బండి 60 వేలు అని చూపిస్తే, పెడలు మాటే నమ్మాలి. షోరూము సర్వీసు రికార్డులుంటే తేదీలూ రీడింగులూ వరుసగా పెరుగుతున్నాయో లేదో చూసుకోవచ్చు. టైర్ల పక్కన చిన్న గడిలో ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు లోతుగా ఉన్నా ఆరేడేళ్ళు దాటిన టైరు లోడు కింద ఎండల్లో పేలిపోవచ్చు గనుక దాన్ని టైరుగా లెక్కవేయకుండా బేరం చేయాలి.

కాగితాలు కూడా బండి నమ్మకంలో భాగమే, ఎందుకంటే ఇంజను చెడి నిలిచినా, తనిఖీలో పట్టుబడి నిలిచినా కుళ్ళేది అదే కాయ. నంబరు ఏపీ 03 అయితే అది పాత చిత్తూరు జిల్లా రిజిస్ట్రేషను. 2019 జనవరి చివరినుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస వచ్చింది గనుక 03 బండి ఆ తేదీకి ముందుదే. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, ఫైనాన్సు ఉందా లేదా అన్నవి కనిపిస్తాయి. ఛాసీ నంబరు, ఇంజను నంబరు బండి మీద చదివి ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చాలి. రవాణా బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకొకసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. ఎఫ్‌సీ తాజాగా అయిందని చెప్పడం బండి గట్టిదని హామీ కాదు, ఆ రోజు తనిఖీలో నిలబడిందని మాత్రమే. మొత్తం బరువు 3,000 కిలోలకు మించని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను కింద పర్మిటు అక్కర్లేదు; అంతకు మించితే కావాలి, కాబట్టి ఆర్‌సీలో ఆ అంకె చూడకుండా ఖర్చు లెక్క వేయలేం.

వేలూరు, బెంగళూరు మనకు దగ్గర గనుక తమిళనాడు, కర్ణాటక బండ్లు తక్కువ ధరకు వస్తుంటాయి. వాటికి అక్కడి ఆర్టీవో ఆఫీసు ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), అంటే 28వ ఫారం, చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. ఫైనాన్సు తీరిన బండికి 35వ ఫారం, ఫైనాన్షియరు లేఖ ఉండాలి. పేరు మార్పుకు వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు చేయించుకుని బీరువాలో పెట్టుకునే అలవాటు మన ప్రాంతంలో ఎక్కువ. అది ఇరువైపులా ప్రమాదమే. కొన్నవారు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలని చట్టం చెబుతోంది. ఇన్సూరెన్సు తమ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీని కోరాలి. బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో పేరున్న యజమానే ప్రమాద పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. అమ్మేవారికి ఈ సంగతి వివరంగా చెబితే, వాళ్ళే ముందుండి పేరు మార్పిస్తారు. నా అనుభవంలో బేరానికి ఇది అడ్డు రాలేదు.

ఇవన్నీ చూశాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: ఏ పనికి? ఇంటి తోటనుంచి ఇరవై కిలోమీటర్లలో ఉన్న గుజ్జు ఫ్యాక్టరీకి సీజనులో రెండు నెలలు తోలే బండి ఒక గంట ఆలస్యమైనా పరవాలేదు. అక్కడ ఎలాగూ వరుసలో నిలబడాలి, అయితే నిండు లోడుతో గంటలకొద్దీ నిలిచే ఆ వరుసలో కమాన్‌లూ టైర్లూ బాగా ఉండాలి. పలమనేరు నుంచి రాత్రికి రాత్రి చెన్నైకి టమోటా చేర్చవలసిన బండి పద్ధతి వేరు. అక్కడ తెల్లవారుజామున మార్కెట్ దాటితే సరుకు విలువ సగమవుతుంది. మొదటి పనికి బోరింగు దగ్గరపడిన ఇంజను ఉన్న గట్టి ఛాసీ బండి సరిపోతుంది. రెండో పనికి అదే బండిని, ఇంజను పని పూర్తి చేయించకుండా, నేను పంపను.

కొన్న తర్వాత మొదటి వారంలోనే ఇంజనాయిలు, గేరాయిలు, హౌసింగు ఆయిలు, బ్రేకు ఆయిలు, డీజిలు ఫిల్టరు, ఫ్యాను బెల్టు, రేడియేటరు గొట్టాలు మార్పించి, రేడియేటరు కడిగించి కూలెంటు పోయించాలి. పాత యజమాని నిన్ననే మార్పించానన్నా సరే. ఛాసీలో అనుమానం కలిగిన ప్రతి చోటా సుద్దముక్కతో గుండ్రంగా గీసి ఫోటో తీసి పెట్టుకోవాలి. మొదటి ట్రిప్పు అర లోడుతో దగ్గరి ఊరికి వెళ్ళిరావాలి. తిరిగి వచ్చాక లోడు దింపి, చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, అదే టార్చిలైటుతో మళ్ళీ కిందికి దూరి, సుద్దగీతల లోపల ఏ ఎర్రగీతా పెరగలేదని చూసుకున్నాకే పూర్తి లోడు వేయాలి.